మీకు తెలుసా? లిమిటెడ్ ఎడిషన్ జపాన్ గిటార్‌కి విలువ కట్టడం ఇలా

ఏటా వచ్చే ‘అరుదైన’ గిటార్

గిటార్ లోపలి లేబుల్ మీద ‘లిమిటెడ్ ఎడిషన్’ అని కనిపిస్తే చాలు, సెకండ్‌హ్యాండ్ ధర ఒక మెట్టు పైనుంచి మొదలవుతుంది. జపాన్ అకూస్టిక్ గిటార్లలో ఆ మాట మనం అనుకున్నంత అరుదైనది కాదు. గిఫు ప్రాంతంలోని సకాషితా అనే చిన్న ఊళ్లో 1959లో మొదలైన టకామీనే కంపెనీ, 1980ల చివరి నుంచి దాదాపు ఏటా ఒక లిమిటెడ్ మోడల్ తెస్తోంది. ఎల్‌టీడీ అన్న అక్షరాల పక్కన ఆ సంవత్సరం ఉంటుంది. ఏడాదికో ఇతివృత్తం తీసుకుని ఫ్రెట్‌బోర్డ్ మీద, సౌండ్ హోల్ చుట్టూ పొదుగుడు పని చేస్తారు. చూడటానికి చాలా అందంగా ఉంటాయి. కానీ లేబుల్ చూసి ధర ఒప్పుకోకూడదు.

ముందు మామూలు మోడల్ ధర తెలియాలి

నాకు నమ్మకం కుదిరిన పద్ధతి ఒకటే. లిమిటెడ్ గిటార్లలో చాలావాటికి అదే కంపెనీలో, అదే కాలంలో ఒక మామూలు మోడల్ తోడు ఉంటుంది. బాడీ ఆకారం, టాప్ చెక్క, పికప్ చాలావరకు కలుస్తాయి. ఆ మామూలు మోడల్ ఇవాళ ఎంతకు అమ్ముడవుతోందో ముందు తేల్చుకోవాలి. లిమిటెడ్‌లో అదనంగా ఏముందో ఆ తర్వాత చూడాలి. మెరుగైన చెక్క ఉందా, చేతిపని ఎక్కువ ఉందా, లేక పొదుగుడు బొమ్మ ఒక్కటేనా? చెక్కకు, చేతిపనికి కలిపే ధర నిలుస్తుంది. బొమ్మకు కలిపే ధర మాత్రం ఆ బొమ్మ నచ్చిన మనిషి దొరికే దాకా కాగితం మీదే ఉంటుంది. మొత్తం ఎన్ని గిటార్లు చేశారన్నది కూడా అడగాలి. అయితే తక్కువ చేసినంత మాత్రాన విలువ రాదు, కావాలనుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉండాలి.

కంపెనీ ప్రకటించని కొరత

మట్సుమోటో నగరంలో 1977లో మొదలైన హెడ్‌వే గిటార్ల చరిత్రలో 1983 పెద్ద మలుపు. ఆ ఏడాది ఫ్యాక్టరీ అగ్నిప్రమాదానికి గురైంది, తయారీ ఆగిపోయింది. హెడ్‌వే పేరు మళ్లీ నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మొదటి ఆరేళ్లలో వచ్చిన గిటార్ల మీద ‘లిమిటెడ్’ అని రాసి ఉండదు. అయినా జపాన్‌లో వాటిని వెతుక్కుంటూ తిరిగేవాళ్లున్నారు. ఎందుకంటే వాటి సంఖ్య ఇక పెరగదు, వాటి పనితనం మీద అప్పటికే మంచి పేరుంది. కంపెనీ నిర్ణయించిన కొరతకూ, జరిగిపోయిన కాలం వల్ల వచ్చిన కొరతకూ మధ్య ఎంచుకోమంటే నేను రెండోదానికే ఎక్కువ ధర పెడతాను.

చక్రవర్తి ఏలుబడిలో ఎన్నో ఏడు?

పాత అల్వారెజ్-యాయిరీ గిటార్ దొరికితే ఒక చిన్న అద్దం, టార్చ్ తీసుకుని సౌండ్ హోల్‌లోంచి నెక్ బ్లాక్ వైపు చూడండి. అక్కడ అచ్చు వేసిన అంకె కనిపించవచ్చు, ఉదాహరణకు 51 అని. అది జపాన్ చక్రవర్తి ఏలుబడి ప్రకారం వేసిన సంవత్సరం. షోవా శకం 1926లో మొదలైంది కాబట్టి ఆ అంకెకు 1925 కలిపితే మన లెక్క వస్తుంది. 51 అంటే 1976, 60 అంటే 1985. 1989లో హెయ్‌సెయ్ శకం మొదలైంది, అప్పటినుంచి 1988 కలపాలి. ఈ లెక్క తెలియకపోతే 51ని చూసి 1951 అనో, యాభై ఒకటో గిటార్ అనో పొరబడటం ఖాయం. రెండో పొరపాటు ఖరీదైనది, ఎందుకంటే మామూలు గిటార్ లిమిటెడ్ ధరకు అమ్ముడవుతుంది. ఆ గిటార్ల తయారీదారు, 2014లో కన్నుమూసిన కజువో యాయిరీ సంతకం లేబుల్ మీద కనిపించినా అదే జాగ్రత్త అవసరం. ఆయన సంతకం మామూలు మోడళ్ల లేబుళ్ల మీదా ఉంటుంది.

టకామీనే పద్ధతి ఇంకా తేలిక. ఎనిమిది అంకెల సీరియల్ నంబర్‌లో మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ నెల. 0203తో మొదలైతే 2002 మార్చి. లిమిటెడ్ మోడల్ పేరులోని సంవత్సరానికీ దీనికీ కొన్ని నెలలు అటూ ఇటూ తేడా సహజమే. అయిదేళ్లు తేడా ఉంటే మాత్రం లేబుల్ ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి.

పేరు జపాన్‌ది, పుట్టుక ఎక్కడ?

మన ఊళ్లలో గిటార్ నేర్చుకునేవాళ్ల చేతిలో ఎక్కువగా కనిపించే యమహా ఎఫ్310 ఇండోనేషియాలో తయారైంది. యమహాకి ఇప్పుడు చెన్నై దగ్గర కూడా ఫ్యాక్టరీ ఉంది. అంటే హెడ్‌స్టాక్ మీద పేరు చూసి జపాన్ గిటార్ అనుకోవడానికి లేదు, లోపల ‘మేడ్ ఇన్ జపాన్’ అని ఉండాలి. పాత యమహాలకు ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ కంపెనీ 1987 దాకా అధికారికంగా నిప్పన్ గక్కీ, ఆ ఏడాదే యమహా కార్పొరేషన్ అయింది. లేబుల్ మీద నిప్పన్ గక్కీ అని ఉంటే అది 1987దో అంతకు ముందుదో అని అర్థం.

మోడల్ నంబర్‌లో దాగిన ధర

1966లో యమహా తెచ్చిన ఎఫ్‌జీ180 అప్పట్లో 18,000 యెన్లు, దాని తమ్ముడు ఎఫ్‌జీ150 ధర 15,000 యెన్లు. మోడల్ నంబర్‌లోనే ధర పెట్టడం అప్పటి జపాన్ తయారీదారుల్లో చాలామందికి అలవాటు. 1970ల మోరిస్ డబ్ల్యు-25 అంటే 25,000 యెన్ల గిటార్. అందువల్ల ఒకే ఏడాది వచ్చిన రెండు గిటార్లలో ఏది పైమెట్టుదో నంబర్ చూడగానే తెలుస్తుంది.

ఆ ఎఫ్‌జీ180 గురించి ఇంకో మాట చెప్పాలి. ఎర్ర లేబుల్ అతికించిన ఆ తొలి గిటార్ల టాప్ ఒకే పలక కాదు, ప్లైవుడ్. పుస్తకాల లెక్క ప్రకారం అది తక్కువ రకం. అయినా వాటిని వాయించేవాళ్లు, వెతికి కొనేవాళ్లు నేటికీ ఉన్నారు. 2016లో ఆ మోడల్‌కి యాభై ఏళ్లు నిండినప్పుడు యమహా స్మారక లిమిటెడ్ ఎడిషన్ కూడా తెచ్చింది. స్పెసిఫికేషన్ల జాబితా చూసి విలువ కట్టేవాళ్లు ఈ గిటార్‌ని ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని నా కోరిక.

సంబంధం లేని కేసు పేరుతో అమ్మకం

1970ల జపాన్ గిటార్ల ప్రకటనల్లో ‘లాసూట్ గిటార్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. కోర్టు కేసు దాకా వెళ్లిందంటే అసలుకు తీసిపోని నకలు అని సూచన. నడిచిన కేసు ఒకటుంది. గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ మీద 1977లో ఫిలడెల్ఫియాలో కేసు వేసింది. గొడవ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. మరుసటి ఏడాది కోర్టు బయటే రాజీ కుదిరింది. అంటే ఆ మాట వాడి అమ్మే అకూస్టిక్ గిటార్లలో చాలావాటికి కేసుతో ఏ సంబంధమూ లేదు. మార్టిన్ ఆకారాన్ని పోలిన పాత టకామీనేలు చాలా మంచి గిటార్లు, వాటిని వాటి నాదం చూసి కొనండి. ఆ మాటకు మాత్రం అదనంగా రూపాయి కూడా ఇవ్వకండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నెక్

విలువను ఎక్కువగా కోసేసేది గీతలు కాదు, నెక్ కోణం. ఆరు తీగల లాగుడు ఏళ్ల తరబడి పనిచేసి నెక్ మెల్లగా ముందుకు వంగుతుంది, తీగలు ఫ్రెట్‌బోర్డ్ నుంచి పైకి లేస్తాయి. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఒక పొడవాటి తిన్నని స్కేలును ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జి దాకా జరపండి. స్కేలు అంచు బ్రిడ్జి పైభాగాన్ని తాకితే నెక్ బాగున్నట్టే. బ్రిడ్జి చెక్కకు అడ్డంగా, కిందికి తగిలితే నెక్ విప్పి మళ్లీ కోణం సరిచేయాలి. దాన్ని నెక్ రీసెట్ అంటారు. అది నేర్పరి చేసే పని, ఖర్చూ అలాగే ఉంటుంది. మామూలు గిటార్‌కి అయితే ఆ ఖర్చు గిటార్ ధరనే దాటిపోవచ్చు.

కొంతమంది అమ్మేముందు శాడిల్‌ని, అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీని, అరగదీస్తారు. అప్పుడు తీగలు దిగుతాయి, వాయించడానికి హాయిగా ఉంటుంది, లోపం కనపడదు. అందుకే బ్రిడ్జిని పక్కనుంచి తీసిన ఫోటో అడగాలి. శాడిల్ బ్రిడ్జి పైకి మూడు మిల్లీమీటర్ల దాకా కనిపించాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటే సంతోషం. ఈ రెండు కొలతలూ ఒకేసారి కుదిరితేనే నెక్ బాగున్నట్టు లెక్క. ‘ట్రస్ రాడ్ తిప్పితే సరిపోతుంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ట్రస్ రాడ్ నెక్‌లోని వంపును సరిచేస్తుంది, బాడీతో కలిసేచోట కోణాన్ని మార్చలేదు.

బ్రిడ్జి వెనుక టాప్ ఉబ్బిందా, బ్రిడ్జి అంచు లేచి సందు వచ్చిందా అన్నవి కూడా చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్న గిటార్ అయితే ఈ ఉబ్బును ఇంకా శ్రద్ధగా చూడాలి. గిటార్‌కి హాయినిచ్చే గాలి తేమ 45 నుంచి 55 శాతం, మన తీరంలో గాలి తేమ దానికంటే చాలా ఎక్కువే.

పికప్ కూడా వయసు మీరుతుంది

టకామీనే 1970ల చివర్లో తెచ్చిన పాలథెటిక్ పికప్‌లో ఆరు తీగలకు ఆరు వేర్వేరు సెన్సర్లుంటాయి. దాని ప్రీయాంప్ గిటార్ పక్క చెక్కలో అమర్చి ఉంటుంది. చెక్క వందేళ్లు బతుకుతుంది, సర్క్యూట్ బతకదు. చాలా మోడళ్లలో పాత ప్రీయాంప్ తీసి అదే గాడిలో కొత్తది పెట్టుకోవచ్చు, కాబట్టి మార్చడం తప్పు కాదు. కానీ తీసిన అసలు ప్రీయాంప్‌ని కేసులో దాచినవాడే లిమిటెడ్ గిటార్ విలువను కాపాడినవాడు. సర్టిఫికెట్, కొన్నప్పటి రసీదు, కంపెనీ ఇచ్చిన హార్డ్ కేస్ కూడా అలాంటివే.

అడిగిన ధర, అమ్ముడైన ధర

టోక్యోలోని ఒచనోమిజు వీధి గిటార్ దుకాణాలకు పేరు. అక్కడి బోర్డు మీద ధర చూసి ఇక్కడ విలువ కట్టేవాళ్లున్నారు. ఆ ధరలో 10 శాతం వినియోగ పన్ను కలిసి ఉంటుంది, దుకాణం ఇచ్చే వారంటీ, మరమ్మతు ఖర్చు కూడా అందులోనే ఉంటాయి. దానికి ఇంకో పక్క రవాణా, మన కస్టమ్స్ సుంకం చేరతాయి. ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా వేలాడుతున్న గిటార్ ధర విలువ కాదు, ఆశ. అలాంటివే రెండుమూడు గిటార్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో దొరికితే చర్చ అక్కడే ముగుస్తుంది.

జిట్రేగి, జాకరాండా

1970ల జపాన్ కేటలాగుల్లో జాకరాండా అని రాసి ఉంటే చాలాసార్లు అది బ్రెజిల్ రోజ్‌వుడ్. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతికి అడ్డుకట్ట వేశాక, అమెరికాలో మార్టిన్ 1969లో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. మన అడవుల్లో జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే చెట్టే అది. నేటికీ ప్రపంచమంతటా పెద్ద గిటార్ల వెనుక పలకగా అదే ఎక్కువ కనిపిస్తుంది. జాకరాండా పేరుకి ధర పెంచేముందు, వెనుక పలకలో బయట కనిపించే గీతల అల్లిక లోపల కూడా అలాగే ఉందో లేదో సౌండ్ హోల్‌లోంచి చూడండి. రెండూ కలవకపోతే అది పైన మాత్రమే అతికించిన పలుచటి పొర.

కలిసినా పని పూర్తికాదు. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. 2017 నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నిటికీ అనుమతి పత్రాలు అవసరమయ్యాయి. తయారైన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరులో సడలింపు వచ్చింది, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం రాలేదు. అనుమతి లేని బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటార్‌ని సరిహద్దు దగ్గర స్వాధీనం చేసుకోవచ్చు. కాబట్టి జపాన్ నుంచి అలాంటిది తెప్పించుకోవాలనుకుంటే, డబ్బు పంపకముందే అమ్మేవాళ్ల దగ్గర సైటీస్ పత్రం కాపీ తెప్పించుకుని, అందులోని చెక్క పేరు, సీరియల్ నంబర్ గిటార్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి.