ఆదాయము పెరిగిన ఇంట ఆరోగ్యము పెరుగునా?

పైరు వాడినచో మనము వేళ్లకు నీరు పెట్టుదుము. ఇంటిలో జబ్బు వచ్చినప్పుడు మాత్రము వేరును చూడము. కూలి చాలని ఇంట పప్పు, ఆకుకూర, పాలు తగ్గును. తిండి తగ్గినచో రక్తము తగ్గును. రక్తము తగ్గిన మనిషి త్వరగా అలసిపోవును. పని తగ్గి, కూలి మరల తగ్గును. అట్టి కుటుంబమునకు ఒక్క పెద్ద జబ్బు వచ్చినచో ఎకరమో, పాడిగేదెయో చేజారును.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత కలదు. మన పొలములలో నాట్లు వేసి, కలుపు తీయుచున్నది వీరే.

దీనికి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఒక దారి చూపిరి. అక్షరాస్యత తరగతులలో చదువు నేర్చిన ఆ కూలి స్త్రీలు, మగవారి సంపాదన సారా పాలగుటను గూర్చి చర్చించుకొని, ఊరిలో సారా అమ్మకమును అడ్డగించిరి. 1992లో ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమందు సారా నిషేధింపబడెను. ఆ జిల్లాలో రోజుకు 1 రూపాయి దాచుకొను పొదుపు సంఘములు వెలసెను. దుకాణమునకు పోవు సొమ్ము ఇంటికి వచ్చినచో, కూలి పెరుగకున్నను పిల్లల కంచము నిండును.

అయితే కలిమి వచ్చినంత మాత్రమున ఆరోగ్యము రాదు. మోటారు సైకిలు వచ్చి నడక తగ్గి, కంచములో తెల్లన్నమే ఎక్కువైనచో చక్కెర వ్యాధి, రక్తపుపోటు వచ్చు ప్రమాదము హెచ్చును.

కావున ఈ పనులు చేయుడు:

1. ఒకే పనికి స్త్రీకి తక్కువ కూలి ఇవ్వకుడు. సమాన వేతన శాసనము 1976లోనే వచ్చినది.

2. పెరటిలో మునగ, తోటకూర, బొప్పాయి పెంచుడు.

3. మరుగుదొడ్డి వాడుడు, చెప్పులు తొడుగుడు. రక్తము పీల్చు కొంకిపురుగు మలముతో చెడిన నేలనుండి వట్టి పాదముల ద్వారా ప్రవేశించును.

4. ఆడపిల్లను బడి మాన్పకుడు. చదివిన తల్లి బిడ్డకు టీకాను, వేళకు వైద్యమును తప్పనీయదు.

గ్రామోద్యోగులు గర్భిణులకు, ఎదుగు బాలికలకు ఇనుము మాత్రలు అందుచున్నవో లేదో అంగన్‌వాడీలో విచారింపవలెను. రైతులు ఈ వారము కూలి పంచునప్పుడే మొదటి పనికి పూనుకొనవలెను.