వాడకు వచ్చే వైద్యం: ఎవరి లెక్క? ఎవరి కోసం?

డాక్టర్ అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక ఉత్తరాన్ని పొందుపరిచారు. 1929 డిసెంబరులో ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఉత్తరమది. కాథియవాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య బాలింతగా వుండగా జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఫీజుకు ఒప్పుకుని, రోగిని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. తెచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన దాన్ని ఉపాధ్యాయుడికిచ్చాడు, ఉపాధ్యాయుడు భార్యకు పెట్టాడు. అది వచ్చిన దారినే తిరిగి డాక్టరు చేతికి పోయింది. అంకె చూసి ఆయన న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు.

అక్కడ సమాచారానికి కొదవ లేదు. జ్వరమెంతో తెలిసింది, రోగం పేరు తెలిసింది. మనిషి చెయ్యి మాత్రం మనిషిని తాకలేదు. ఇవాళ ఆశా కార్యకర్త చేతిలో, అంగన్‌వాడీ టీచరు చేతిలో ఫోన్లున్నాయి. ఇంటింటి వివరాలు క్షణాల్లో ఢిల్లీకి చేరుతున్నాయి. వివరాలు వాడ నుంచి పైకి పోతున్నంత సులువుగా సంరక్షణ పై నుంచి వాడకు వస్తున్నదా? సాంకేతిక పరిజ్ఞానాన్ని మెరుగుపరచడం గురించి మాట్లాడేవాళ్లు ముందు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

ఇంటికొచ్చే వైద్యం ఎట్లా పుట్టింది?

మనకు పొరుగునే వున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్‌లు పసికందుల చావుల మీద పనిచేశారు. 39 పల్లెల్లో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, బాలింతల ఇళ్లకు పంపారు. బిడ్డ బరువు తూయడం, ఒళ్లు చల్లబడకుండా చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, చీము పట్టే జబ్బులను గుర్తించి మందివ్వడం వాళ్ల పని. మరో 47 పల్లెలతో పోల్చిచూస్తే నెలలోపు పిల్లల చావులు దాదాపు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’లో ప్రకటించారు.

ఈ ప్రయోగంలో మందుల గురించి అందరూ చెబుతారు గానీ లెక్కల గురించి తక్కువ చెబుతారు. అక్కడ కంప్యూటరున్న కార్యకర్త లేదు, కాగితమే. కానీ పుట్టుకలూ చావులూ రాసే పని ఒకరిదైతే, ఆరు నెలలకోసారి ఇల్లిల్లూ తిరిగి సరిచూసే పని మరొకరిది. లెక్క నమ్మదగినదయింది ఈ రెండో చూపు వల్లనే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. 2011లో ఈ నవజాత శిశు సంరక్షణ దేశమంతటికీ పథకమయింది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా ఇంటికి పోవాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. అందుకు ఆమెకు 250 రూపాయలు. అయితే ఆనాటి షరతుల్లో ఒకటి చూడండి: 42వ రోజు దాకా తల్లీబిడ్డా క్షేమంగా వుంటేనే ఆ డబ్బు. ఆశా ఆరుసార్లు పోయి, ఆసుపత్రికి తీసుకుపోయి, అయినా బిడ్డ దక్కకపోతే? నిజం రాసిన మనిషికే నష్టం. ఇట్లాంటి షరతు మీద ఎంత మంచి యాప్ కట్టినా లోపలికి వచ్చేది మంచి సమాచారం కాదు.

సరాసరిలో మాయమయ్యే వాడ

11 రాష్ట్రాల్లో, 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమిత బవిస్కర్ రాసిన ఆ పుస్తకం ప్రకారం 33 శాతం గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకు రావడానికి నిరాకరించారు. గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లోని దళిత పిల్లల మీద సంఘమిత్ర ఆచార్య 2010లో వెలువరించిన అధ్యయనం కూడా వివక్ష ఎక్కడ జరుగుతుందో చూపింది: మందు చేతికిచ్చేటప్పుడు, ఇంటికి వచ్చేటప్పుడు.

అంటే వివక్ష గడప దగ్గర జరుగుతుంది. మన లెక్కలు మాత్రం మండలం, జిల్లా, రాష్ట్రం దగ్గర తేలుతాయి. దీని ఫలితం అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక గ్రామంలో ఏడాదికి 50 కాన్పులు. ఊళ్లో 40, వాడలో 10. ఊళ్లో 38 ఇళ్లకు ఆరుసార్లూ పోయారు. వాడలో నాలుగిళ్లకే పోయారు. మొత్తం 42, అంటే 84 శాతం. పై అధికారి తెర మీద ఆ గ్రామం పచ్చగా కనబడుతుంది. ఊరిని విడిగా చూస్తే 95 శాతం, వాడను విడిగా చూస్తే 40 శాతం. అంకెల్లో అబద్ధమేమీ లేదు. వాడను ఊళ్లో కలిపి లెక్కగట్టడంలోనే వుంది అన్యాయం. బతుకులో వెలివేసి, లెక్కలో కలుపుకోవడమన్న మాట!

ఎస్సీ, ఎస్టీ ఆవాసాల్లో ముందుగా అంగన్‌వాడీలు తెరవాలని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లోనూ, 2006 డిసెంబరులోనూ చెప్పింది. ఆ ఆదేశం అమలయిందో లేదో తెలియాలన్నా ఆవాసం వారీ లెక్కే కావాలి.

ఫోను ఎవరిని చూస్తున్నది?

2021లో అంగన్‌వాడీలకు ‘పోషణ్ ట్రాకర్’ వచ్చింది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషనుకు ముఖ గుర్తింపును తప్పనిసరి చేశారు. ఆధార్‌తో ఈ-కేవైసీ చేయాలి, ఓటీపీ రావాలి, ఆ తర్వాత ఫోటో సరిపోలాలి. ఇంట్లో వున్న ఒక్క ఫోను వలసపోయిన భర్త దగ్గర వుంటే? సిగ్నలు లేకపోతే? కూలికి పోయే తల్లి పొద్దున్నే పొలంలో వుంటుంది. యంత్రం చూపు కూడా అందరి మీదా ఒకే తీరుగా పడదు. 2018లో జాయ్ బులాంవినీ, టిమ్నిట్ గెబ్రూ అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, ముఖం చూసి ఆడో మగో చెప్పే వ్యాపార సాఫ్ట్‌వేర్లు తెల్ల మగవాళ్ల విషయంలో 0.8 శాతానికి మించి తప్పు చేయలేదు. నల్లని స్త్రీల విషయంలో తప్పు 34.7 శాతం దాకా పోయింది. ఆ పని వేరు, రేషను దగ్గర ముఖాలు సరిపోల్చే పని వేరు, నిజమే. కానీ ఎండలో పనిచేసే మన తల్లుల ముఖాలతో పరీక్షించి, ఆ ఫలితాలను బయటపెట్టకుండా ఇట్లాంటి యంత్రాన్ని తిండికి కాపలా పెట్టడం ఏం న్యాయం?

కార్యకర్త పరిస్థితి మరొకటి. ఆశాల్లో, అంగన్‌వాడీల్లో దళిత బహుజన స్త్రీలు ఎందరో. సర్కారు వాళ్లను ఉద్యోగులనదు, వాళ్లకిచ్చేదాన్ని జీతమనదు. ఫోనులో నమోదు ఆలస్యమైతే మాత్రం సంజాయిషీ అడుగుతుంది. 2021లో హర్యానాలో ఆశాల ఫోన్లలో ‘ఎండీఎం 360 షీల్డ్’ యాప్ పెట్టబోతే, అది తమ మీద నిఘా అని వాళ్లు ఎదురుతిరిగారు. పని చేయించుకునేవాడికి కార్యకర్త ఎక్కడుందో తెలుస్తుంది. ఆమెకు తూనిక యంత్రం పాడై ఎన్నాళ్లయిందో, 42వ రోజు ఇంటికి పోతే అగ్రకులపు ఇల్లు ఆమెను బయటే నిలబెట్టిందో లేదో రాయడానికి గడి ఎక్కడుంది?

కులం రాయాలా, వద్దా?

ఇక్కడ మన మిత్రులే రెండు మాటలంటారు. కులం రాయకపోతే వివక్ష కనబడదని కొందరు, రాస్తే ఆ జాబితా మన మీదికే వస్తుందని కొందరు. రెండూ నిజమే. 2019 డేటా రక్షణ బిల్లులో కులాన్ని సున్నిత సమాచారంగా పేర్కొన్నారు. 2023లో చట్టమయినప్పుడు ఆ ప్రత్యేక వర్గమే లేదు. పైగా సబ్సిడీలు, సేవల పేరుతో ప్రభుత్వం కొత్తగా అనుమతి అడగకుండానే సమాచారం వాడుకునే వీలు ఆ చట్టంలోని 7వ సెక్షనులో వుంది.

కాబట్టి తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. మనిషి కులం కార్యకర్త ఫోను తెర మీద పేరు పక్కన కనబడనక్కర లేదు. వాడకు జరిగిన సేవ ఎంతో, ఊరికి జరిగిన సేవ ఎంతో పక్కపక్కన అందరికీ కనబడాలి. మనుషుల వివరాలు మరుగున వుండాలి, వ్యవస్థ చేసిన పని బయట వుండాలి. ఇప్పుడు ఎక్కువగా దీనికి తలకిందులుగా జరుగుతున్నది.

ఏం అడగాలి?

ఒకటి, ప్రతి ఇంటి సందర్శన లెక్కా ఆవాసం వారీగా తేల్చాలి. వలసపోయి వచ్చిన కుటుంబాలు, పుట్టింట కాన్పయిన స్త్రీలు జాబితా నుంచి జారిపోకూడదు. మొత్తం ఎందరో సరిగా తెలియని చోట శాతాలకు విలువ లేదు.

రెండు, ‘పోలేదు’ అని నిజం రాసే గడి వుండాలి. పోకపోవడానికి కారణం రాయాలి: దారి లేదు, మందు లేదు, రానివ్వలేదు. అట్లా రాసినందుకు డబ్బు కోయకూడదు.

మూడు, పంపిన రోగి ఆసుపత్రికి చేరిందా, అక్కడ చూశారా అన్నది తిరిగి ఆశాకు తెలియాలి. ‘ఆసుపత్రికి పంపాం’ అన్నచోట లెక్క ముగిసిపోకూడదు.

నాలుగు, యాప్ సిగ్నలు లేకపోయినా పనిచేయాలి, తెలుగులో వుండాలి, రిజిస్టరులో రాసిందే మళ్లీ ఫోనులో రాయించకూడదు. ముఖం సరిపోలలేదని బాలామృతం ఆపకూడదు.

అయిదు, లెక్కను వాడలో చదివి వినిపించాలి. ఇది కొత్త సంగతేం కాదు. ఉపాధి హామీలో మస్టర్లను జనం ముందు చదివే సామాజిక తనిఖీని ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి చేసింది, 2009లో దానికొక ప్రత్యేక సంస్థనే పెట్టింది. కూలి లెక్కను చదవగలిగినప్పుడు బాలింతల ఇళ్లకు ఎన్నిసార్లు వచ్చారో ఎందుకు చదవలేం? పేర్లు అక్కర లేదు. ‘ఈ వాడలో పది కాన్పులు, నాలుగిళ్లకు వచ్చాం’ అంటే చాలు. ఆ మాట నిజమో కాదో చెప్పగలిగిన స్త్రీలు అక్కడే కూర్చుని వుంటారు.

వృద్ధులకు, మంచాన పడ్డవాళ్లకు, క్షయ రోగులకు ఇంటివద్ద అందే సేవలకూ ఇవే కొలతలు వర్తిస్తాయి. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు. పోయిన ఏడాది వాడలో ఎన్ని కాన్పులయ్యాయో, ఎన్నిసార్లు ఎవరొచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసి, ఊరి లెక్క పక్కన పెట్టి, గ్రామసభలో అడగండి.