సిమెంటు దిమ్మెల గోడలు

తెలుగు ఉపాధ్యాయులకు గోడలతో ఏమి పని యని విద్యార్థులు నవ్వవచ్చును. మా ఇంటి ప్రహరీ ఆరు మాసములు తిరుగకుండ బీటలు వారినందున మాకును కొంత తెలిసికొనవలసి వచ్చినది.

సిమెంటు, ఇసుక, చిన్న కంకర కలిపి అచ్చున పోసి, నడుమ బోలుగా విడిచినదే హాలో బ్లాకు. సందు మాలుతో సహా అది 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు ఆక్రమించును. 20×10×10 కొలత గల ఇటుకలు ఎనిమిది పట్టుచోటు ఒక్క దిమ్మెతో నిండును. పని వేగముగ సాగును, మాలు ఆదా యగును.

అయితే మన మేస్త్రీలు ఇటుకను తడిపి కట్టుటకు అలవాటుపడినవారు. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చును గనుక అచ్చట అది సరియే. దిమ్మెకు మాత్రము చేటు. తడిసిన కాంక్రీటు ఉబ్బును, ఆరునపుడు ముడుచుకొనును. గోడలో చేరిన పిదప ఆరినచో ఆ ముడుతయే బీటయై కనబడును. అందుచేతనే భారతీయ ప్రమాణము 2185 దిమ్మెను కనీసము 14 దినములు నీటితో పదును చేసి, ఆపై 4 వారములు ఆరనిచ్చి వాడుమనుచున్నది. మా దిమ్మెలు అచ్చు వదలి వారమైనను కాలేదు! పైగా మేస్త్రీ వాటిపై బిందెలతో నీరు పోయించెను. పాపము, శ్రద్ధతోనే.

మాలులో సిమెంటు హెచ్చించిన గోడ బలపడుననుటయు భ్రమయే. మాలు దిమ్మె కంటె గట్టిదైనచో బీట సందున ఆగక దిమ్మెనే చీల్చును.

కళాశాల కమిటీ పెద్దలు దిమ్మెలు కొనునపుడు ధరతోపాటు అచ్చు పోసిన తేదీని కూడ అడుగవలెనని మా మనవి. వానకాలమైనచో కుప్పపై పట్టా కప్పింపవలెను.