నీళ్లకు చివరి ఊళ్లు, గాలివానకు మొదటి ఊళ్లు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. పులిగడ్డలోనే ఒక పాయ మీద బ్రిటిష్ వాళ్ల కాలంలో కట్టిన అక్విడక్టు ఉంది. అడుగున ఏరు పారుతుంది, దాని నెత్తి మీద కాలువ పారుతుంది. రెండూ కృష్ణ నీళ్లే. కానీ వేసవిలో ఎగువనున్న ప్రకాశం బ్యారేజీ దిగువన ప్రవాహం ఆగిపోయాక, కింది నీళ్లు సముద్రపు పోటుకు ఉప్పెక్కుతాయి. పైన కేఈబీ (కృష్ణ ఈస్ట్ బ్యాంక్) కాలువలో ఆ బ్యారేజీ నుంచి వచ్చే నీళ్లు మాత్రం తియ్యగా ఉంటాయి. ఆ కాలువే దివిసీమకు వరి, ఊరి చెరువులకు తాగునీరు.

ఆ నీళ్లు అవనిగడ్డ దాటి, నాగాయలంక దాటి, పిల్ల కాలువల్లో పలచబడుతూ సొర్లగొంది, గుల్లలమోద వైపు సాగుతాయి. సాగేది కూడా వస్తేనే. ఇంజినీర్ల లెక్కల్లో ఇది శివారు ఆయకట్టు. పైనున్న ఊళ్లన్నీ తడిశాక మిగిలితే వీళ్ల వంతు. ఈ ఊళ్లకు వెళ్లే దారిలో ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు, వాటి వెనక మడ అడవి. అవతల సముద్రమే. ఇక్కడ ఒకే ఇంట్లో ఒకరు చేలోకి, ఒకరు ఏట్లోకి వేటకి వెళ్లడం కొత్త కాదు. ఒక్క పనిని నమ్ముకుని బతకగల చోటు కాదిది.

దివిసీమ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఉప్పెన. 1977 నవంబరు 19న సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందని ఆ రాత్రి బతికి బయటపడిన వాళ్లు చెబుతారు. పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ వయసులూ పెళ్లిళ్లూ ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే లెక్కిస్తారు. ఆ తర్వాత తుపాను షెల్టర్లు, కరకట్టలు, హెచ్చరికలు వచ్చాయి. 1990 మేలో అంత పెద్ద తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించడంతో మరణాలు వెయ్యి లోపే ఆగాయి. మనుషుల్ని కాపాడుకోవడం ఈ తీరం నేర్చుకుంది. పంటను కాపాడుకోవడమే ఇంకా చేతకాలేదు. ఆ తప్పు గాలివానది కాదు. ఆలస్యంగా వచ్చే కాలువ నీళ్లది.

రైతు క్యాలెండరు చూస్తే ఇది తెలుస్తుంది. డెల్టాలో ఏళ్ల తరబడి ఇష్టంగా వేసిన స్వర్ణ రకం గింజ వేసిన దగ్గర్నుంచి కోతకు రావడానికి దాదాపు ఐదు నెలలు తీసుకుంటుంది. జూన్‌లో కాలువకు నీళ్లొచ్చి అప్పుడే నారు పోస్తే నవంబరు నడుమకు కోత. శివారుకు నీళ్లు ఆగస్టులో చేరితే కోత డిసెంబరు చివరికో, సంక్రాంతికో పోతుంది. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పంట పాలు పోసుకునే వేళ, పనలు చేలో పరిచి ఉన్న వేళ, ధాన్యం కల్లంలో ఆరుతున్న వేళ ఈ రైతు తుపానుకు దొరికిపోతాడు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ కోతల మీదే పడింది. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా నిలబడి ఉన్న చేలను పడుకోబెట్టింది. రెండుసార్లూ వార్తల్లో గాలి వేగం చెప్పారు. శివారు చేలకు ఆ ఏడు నీళ్లెప్పుడు అందాయో ఎవరూ అడగలేదు.

ఆలస్యం అక్కడితో ఆగదు. డెల్టా రైతుకు రెండో పంట మినుము. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న చేలో, తడి మీద మినుములు వెదజల్లుతారు. దున్నే పని లేదు, నీళ్లు పెట్టే పని లేదు. వరి వేళ్లు వదిలేసిన చెమ్మతోనే పంట పండుతుంది. ఇంత తక్కువ ఖర్చులో చేతికి డబ్బిచ్చే పంట ఈ నేలకు ఇంకోటి లేదు. వరి ఆలస్యమైతే మినుము కూడా ఆలస్యమై పూత వేళకు ఎండకు చిక్కుతుంది. అప్పుడు మిగిలేది కౌలు బాకీ. మక్తా బస్తాల్లో మాట్లాడుకున్న కౌలుదారుకు పంట పోయినా బస్తాలు కొలవక తప్పదు.

ఇక ఉప్పు సంగతి. ఈ నేలల అడుగున ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. పైన తీపి నీరు నిలిచినన్నాళ్లూ అది కిందే అణిగి ఉంటుంది. నేల ఎండితే పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. కాబట్టి ఇక్కడ మొదటి తడి నాట్ల కోసమే కాదు, నేల కడగడానికి కూడా. మచిలీపట్నం పరిశోధన స్థానం చౌడుకు తట్టుకునే ఎంసీఎం వరి రకాలు ఇచ్చింది. మంచి పని. అయినా విత్తనం ఎంత గట్టిదైనా మురుగు కాలువ నోటి దగ్గర తలుపు విరిగి ఉంటే ఏం లాభం? పోటు వేళ సముద్రం ఆ నోట్లోంచే పైకి ఎక్కివచ్చి చేను అంచు తడుపుతుంది. పాటు వేళ దిగిపోయినా ఉప్పు దిగదు.

రొయ్యల చెరువుల్ని తప్పుపట్టడం తేలిక. రెండేళ్లు వరుసగా వరి పోయిన రైతుకు చెరువు లీజు సొమ్ము ముందుగా చేతిలో పడుతుంటే కాదనే బలం ఎక్కణ్నుంచి వస్తుంది? తొంభైల్లో టైగర్ రొయ్య లాభాలు చూపించి, వైట్ స్పాట్ తెగులుతో ఎన్ని ఇళ్లనో ముంచింది. తర్వాత వనామీ వచ్చింది. మండపీతల పెంపకం కొందరిని నిలబెట్టింది. కానీ ఉప్పునీటి చెరువు పక్కన వరిచేను రెండో ఏడాదికే నీరసిస్తుంది. పక్క రైతు కూడా చేనును చెరువుకి ఇవ్వక తప్పదు. ఇలా ఒక గట్టు తర్వాత ఒక గట్టు పోతోంది. వరి ఉంటే ఊడ్పులకూ కోతలకూ ఆడవాళ్లకు కూలి దొరికేది. చెరువుకి ఒక కాపలాదారు చాలు.

ఏటిమొగ రేవు నుంచి చూస్తే అవతల ఎదురుమొండి. అది దీవి. ఎరువు బస్తా అయినా, పురిటికి వెళ్లే ఆడపడుచు అయినా, ధాన్యం అమ్ముకునే రైతైనా పడవో పంటో ఎక్కాల్సిందే. వంతెన కావాలని ఒక తరం అడిగి ముసలిదైంది. కృష్ణకు పెద్ద వరద వస్తే ఆ రేవూ ఆగుతుంది. 2009 అక్టోబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వదిలారు. జూన్‌లో నారుమడికి చాలని ఏరు, వరదలో ఊరినే ముంచేంత నీళ్లు మోసుకొస్తుంది.

మార్పు రాదని కాదు. గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్ష కేంద్రానికి 2025 మే 2న ప్రధాని అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. దాదాపు 1,460 కోట్ల రూపాయల పని. రోడ్డు బాగుపడుతుంది, కొందరికి ఉపాధి దొరకవచ్చు. వేటకు ఎప్పుడు వెళ్లవచ్చో, ఎప్పుడు వెళ్లకూడదో అన్న ప్రశ్నకు మాత్రం మత్స్యకారులకు ముందే రాతపూర్వకంగా జవాబివ్వాలి. మడ అడవికి నష్టం జరిగితే తిరిగి పెంచే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే తేలాలి. మడ చెట్లు ఉన్నచోట కెరటం బలం తగ్గిందని ఉప్పెన చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఈ ఊళ్లలో పాతికేళ్ల కుర్రాడు విజయవాడకో హైదరాబాదుకో వెళ్లకుండా సేద్యంలో ఉండాలంటే కావలసింది అంతకంటే చిన్నది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక గోదావరి నీళ్లు బ్యారేజీకి చేరుతున్నాయి. అంటే జూన్‌లో శివారుకు నీళ్లివ్వడం అసాధ్యం కాదు. వంతుల లెక్క మార్చి, మొదటి పదిహేను రోజులూ పైన తూములు బిగించి, నీళ్లను ముందు చివరికి పంపాలి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడే పిల్ల కాలువల పూడిక తీయాలి. సముద్రంలో కలిసే ప్రతి మురుగు కాలువకూ పనిచేసే తలుపు, దాన్ని పోటుకు మూసి పాటుకు తెరిచే జీతగాడు ఉండాలి. చెరువులు ఎక్కడిదాకా తవ్వవచ్చో గ్రామసభలో గీత గీసి, ఆ గీత దాటినవాడికి కరెంటు కనెక్షను ఇవ్వకూడదు. వీటిలో ఏ ఒక్కదానికీ వెయ్యి కోట్లు అక్కర్లేదు. వచ్చే జూన్‌కే మొదలుపెట్టవచ్చు.