సముద్రతీర శిలలపై లైకెనులు : వస్తువు, పేరు

మసాలా దినుసులమ్ము అంగళ్ళలో రాతిపువ్వు అను వస్తువొకటి దొరకును. నలుపును బూడిదవన్నెయు గలసి, ఎండి ముడుతలు పడిన రేకులవలె నుండి, ముట్టినంతనే విరుగును. మాంసపు వంటకములకు పరిమళ మిచ్చుట దీని పని. సూరతు నగరమున బమ్రోలి, పాండేసరా ప్రాంతముల మరమగ్గముల నడుమ కాపురముండు తెలుగు ఇల్లాలు దీనిని కొనవలెనన్నచో, రాతిపువ్వన్న మాట నింటనే విడిచి, దగడఫూలనియో పత్థరుఫూలనియో అడుగవలసి యుండును. భాష మారినను భావము మారలేదు. మరాఠీ దగడము రాయి, హిందీ పత్థరు రాయి, కన్నడమున కల్లుహూవు అన్నను రాతిపువ్వే. ఒక్క తమిళము మాత్రము వేరు త్రోవ త్రొక్కినది. వారు దీనిని కల్పాసి యందురు, అనగా రాతిపాచి. తమిళమునందలి పాసియు, తెలుగునందలి పాచియు ఒక్క ధాతువునుండి వచ్చినవే. పచ్చ అను మాటకును వీనికిని చుట్టరికము గలదు.

పువ్వన్నవారు సరియా, పాచియన్నవారు సరియా? శాస్త్రదృష్టితో చూచినచో తమిళుల పేరు సగము సత్యము, తక్కినవారి పేరు ఉపమానమాత్రము. ఇది పువ్వు గాదు, పూచు మొక్కయునుగాదు. ఇది లైకెను. లైకెనన్నది ఒక్క జీవి కాదు. శిలీంధ్రమొకటి తన పోగులతో నొక యిల్లు కట్టుకొని, దానిలో శైవలమును, అనగా పాచిజాతి జీవిని, నిలుపుకొనగా నేర్పడిన కూటము. శైవలము సూర్యరశ్మితో ఆహారము సిద్ధపఱచును; అందలి చక్కెరవంటి పదార్థములను శిలీంధ్రము గ్రహించును. ఈ జంటబ్రదుకును 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ప్రకటించినపుడు నాటి లైకెను పండితులు అనేకులు మండిపడిరి. ఆయన శిలీంధ్రమును యజమానిగను, శైవలమును బానిసగను వర్ణించుట వారికి మఱింత కంటగింపైనది. కాలక్రమమున సిద్ధాంతము నిలిచినది. బానిసత్వపు మాట మాత్రము పలుచబడినది. 2016లో వెలువడిన పరిశోధన కొన్ని లైకెనుల పైపొరలో మూడవ భాగస్వామిగా ఈస్టు జాతి శిలీంధ్రమును గూడ చూపినది. తమిళుని పాసి, ఈ కూటమునందలి పచ్చని భాగస్వామిని ఎట్లో పట్టుకొన్నదనవలెను.

అంగడిలో దొరకు రాతిపువ్వు కొండలలోనిది. కడలియొడ్డున బ్రదుకు లైకెనుల కథ వేరు. ఉప్పునీరు, అలల తాకిడి, నడునెత్తిన యెండ, ఆరుగంటల కొకసారి మారు ఆటుపోట్లు. ఈ నాలుగును గలసిన చోట నేలమీది మొక్కయు నిలువదు, నీటిలోని మొక్కయు నిలువదు. రెంటికిని చెడిన ఆ తావునే లైకెను తనదిగా చేసికొనినది. దానికి వేళ్ళు లేవు, నీటిని నిలుపుకొను సాధనము లేదు. తడి తగిలినపుడు బ్రదుకును, ఎండినపుడు పని మాని యూరకుండును, మరల తడిసిన స్వల్పకాలములోనే పనికి లేచును. శైవలము శిలీంధ్రమునకిచ్చు రిబిటాలు, శిలీంధ్రము దాచుకొను మానిటాలు వంటి పదార్థములు ఉప్పు తాకిడికిని, ఎండుటకును ఓర్చుకొనుటకు తోడ్పడును. పెరుగుదల మాత్రము మిక్కిలి మందము. రాతికంటుకొని పెరుగు జాతులలో ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడ పెరుగనివి పెక్కు గలవు. కావున అరచేయి వెడల్పు గల మచ్చను కాలితో రాచివేయుట యన్నచో ఒక మనుష్యుని యాయుష్షును రాచివేయుటయే కావచ్చును.

బ్రిటను, ఐర్లండు వంటి చలిదేశముల రాతితీరములలో లైకెనులు మూడు పట్టెలుగా నేర్పడియుండును. పోటునీటి హద్దు దాపున, తారు పూసినట్లు నల్లనిపట్టె. ఇది వెరుకేరియా జాతులది. లాటినున వెరూకా అనగా పులిపిరి. పైనుండు చిన్న బొడిపెలను బట్టి యీ పేరు వచ్చినది. వీనిలో ప్రసిద్ధమైన దానిని 2009లో హైడ్రోపంక్టేరియా మౌరా యని వేరుచేసిరి. ఆపైన నారింజవన్నె పట్టె. కాలోప్లాకా యని చిరకాలము పిలువబడిన జాతులును, జాంథోరియాయు దీనిలోనివి. వాని రంగు పారియెటిన్ అను పదార్థము వలన గలిగినది. తీక్ష్ణకిరణములను అది అడ్డుకొనును. ఇంకను పైన, తుంపరలు మాత్రమే తగులు చోట, రమలీనా మొదలగు బూడిదవన్నె కుచ్చులు. నల్లనిపట్టె క్రిందనే రాతికంటుకొను గుల్లపురుగులు, నత్తలు. కోల్లెమాప్సిడియం అను లైకెను ఆ గుల్లలలోనికే చొచ్చి పెరుగును; రాయి దొరకనిచో సున్నపు గుల్లయైనను దానికి చాలును.

ఈ మూడుపట్టెల చిత్రము అందముగా నుండుటచేత ఆంగ్ల గ్రంథముల నుండి మన పాఠములలోనికి యథాతథముగా దిగుచుండును. ఇక్కడనే జాగరూకత వలయును. ఉష్ణమండల తీరములలో నుప్పునీటి యంచున గానవచ్చు నల్లనిపట్టె తఱచుగా లైకెను కాదు. నీలిహరిత శైవలముల పొర. వైశాఖమాసపు టెండలో కాగిన రాయి చలిదేశపు రాయివంటిది కాదు. విశాఖపట్టణము మొదలు భీమునిపట్టణము వైపు సాగు తీరమున ఖొండలైటు, చార్నొకైటు శిలలు కడలిలోనికి చొచ్చుకొని వచ్చును. ఖొండలైటు అను పేరు 1902లో వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండు జాతివారిని బట్టి పెట్టినది. ఆ శిలలపైని నలుపునంతయు వెరుకేరియా యని వ్రాసిన విద్యార్థి చూచినది విశాఖతీరమును గాదు, గ్రంథమునందలి బ్రిటను తీరమును.

సూరతు విషయమున నీ చిక్కే లేదు; అక్కడ రాయియే లేదు. తపతీముఖమున నున్నది బురద, ఇసుక. ఖంభాతు సింధుశాఖలో భావనగరు వద్ద ఆటుపోట్ల యెత్తు 10 మీటర్లు దాటును. విశాఖలో నది రెండు మీటర్లకు లోపే. అంతటి పోటున్నను, అంటుకొనుటకు శిల లేనిచో శిలలపై బ్రదుకు లైకెనులకు చోటు లేదు. గుజరాతున వానిని వెదకవలెనన్నచో సౌరాష్ట్రతీరమునకు, ద్వారక, ఓఖా వైపునకు పోవలెను.

తెలుగువారి తీరమునకు నిజముగా సంబంధించిన కడలిగాలి లైకెను మఱొకటి గలదు: రొసెల్లా మోంటాగ్నియై. ఇది అలలు తాకు శిలపై నుండునది గాదు. ఉప్పుగాలి వీచు మేర చెట్ల బోదెలపైనను, కొన్నిచోట్ల రాళ్ళపైనను, బూడిదవన్నె నాడాలవలె వ్రేలాడుచుండును. ఫ్రెంచి యాత్రికుడు బెలాంజే దీనికి పేరు పెట్టెను. మోంటాన్యు అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుని గౌరవార్థము. 1940 ప్రాంతమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాఖలో ఆచార్య టి. ఆర్. శేషాద్రియు, వి. సుబ్బారావును ఈ లైకెనును పరిశోధించి, దానినుండి క్రొత్త పదార్థము నొకదానిని వేరుచేసి మోంటాగ్నెటాల్ అని పేరిడిరి.  ఫ్రెంచివాని పేరు, ఒక నాడా వంటి లైకెను ద్వారా, వాల్తేరు సీసాలోనికి దిగి ఒక రసాయన ద్రవ్యమునకు పేరైన చరిత్ర యిది. శేషాద్రిగారు 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలి యచ్చట గూడ లైకెనుల పని సాగించిరి. 1960లో రాయల్ సొసైటీ సభ్యులైరి.

మోంటాగ్నెటాలునకును, దానికి తోబుట్టువైన ఎరిత్రినునకును గల ప్రాశస్త్యము రంగులో నున్నది. ఇవి విడివడినపుడు తుదకు ఆర్సినాలు లభించును; దానికి రంగు లేదు. అమ్మోనియా ఘాటును, గాలియు తగిలినచో కొన్నివారములలో నది ఊదావన్నె ఆర్సీనుగా మారును. పూర్వపు ఐరోపా అద్దకపువారు అమ్మోనియాకై పులియబెట్టిన మూత్రము వాడిరి. పట్టునకును ఉన్నికిని ఈ రంగు చక్కగా పట్టును, కాని యెండకు నిలువదు. ఫ్లారెన్సు నగరమున ఈ రంగు వర్తకముచే ధనవంతులైన కుటుంబమునకు రుచెల్లాయి యను పేరు దీనినుండియే వచ్చినది. 1856లో పెర్కిను కృత్రిమ ఊదారంగును కనుగొన్నపిదప ఈ వర్తకము క్రమముగా క్షీణించినది. నేడు సూరతు అద్దకపు కర్మాగారములలో వాడు రంగులన్నియు నా కృత్రిమ రంగుల సంతతియే. ఆర్సీనునకు మిగిలిన ముఖ్యమైన కొలువు ప్రయోగశాలలో: జీవకణములందలి క్రోమోజోములకు రంగు పట్టించుట. రొసెల్లా జాతులనుండియే వచ్చిన మఱియొక రంగు లిట్మసు. ఆమ్లమును క్షారమును గుర్తించు కాగితముగా బడిపిల్లలందఱును దీని నెఱుగుదురు. ప్రాచీన స్కాండినేవియా భాషలో లిత్రు రంగు, మోసి నాచు. అనగా రంగునాచు! తమిళుని కల్పాసివలెనే, వారికిని ఇది పాచిగానే తోచినది.

ఇక తెలుగున దీనికి శాస్త్రనామ మేది? సంస్కృతమున శైలేయము, అశ్మపుష్పము అను పేళ్ళు అమరకోశమునందే గలవు. ఐనను శైలేయశబ్దము శిలాజతువునకును, అనగా కొండలనుండి స్రవించు జిగురునకును, వాడుకలో నున్నది. వైద్యగ్రంథములలో రెంటిని పొరబడుట కవకాశము గలదు. శిలాశబ్దముతో క్రొత్తగా సమాసములల్లుటయు అంత మేలు గాదు. రొసెల్లా చెట్టుపై పెరుగును. వేలకొలది తక్కిన లైకెనులును చెట్లపైననే పెరుగును. పేరులో శిల చేరినచో నర్థము వంచింపబడును. గ్రీకు మాటయైన లైకెన్ గూడ నిష్కళంకమేమియు గాదు. నాకుట అను ధాతువునుండి వచ్చినదని చెప్పుదురు; చర్మముపై ప్రాకు పొక్కులకును గ్రీకులు దానినే వాడిరి, నేటికిని వైద్యులు లైకెన్ ప్లేనస్ అను చర్మవ్యాధిని పేర్కొనుచున్నారు. ఐనను ఆ దోషము మన చెవికి తగులదు గనుక, శాస్త్రమున లైకెననియు, అంగడిలోని దానిని మాత్రము రాతిపువ్వనియు వ్యవహరించుట యుక్తము. పాచి యన్న మాటను దీనికి వాడకుండుటే మంచిది. తెలుగున పాచికి జాఱుడు, మాసినతనము అను అర్థచ్ఛాయలు బలముగా నున్నవి. లైకెనునకు జాఱుడు లక్షణము గాదు.

ఈ చివరి భేదమే తీరమున పరీక్షకు నుపకరించును. పాటువేళ రాతియంచున నల్లనిపట్టెను గన్నచో, మొదట తడిపి వ్రేలితో రాయవలెను. జిగటగా జాఱి వ్రేలికి నలుపంటినచో నది నీలిహరిత శైవలము. గట్టిగా రాతినంటిపట్టుకొని యెంతకును రానిచో, భూతద్దము పెట్టి చూడవలెను. ఆవగింజకన్నను చిన్నవైన బొడిపెలు, వాని నడుమ సూదిమొనవంటి రంధ్రము కానవచ్చినచో, శిలీంధ్రము తన బీజములను విడుచు ద్వార మదియే. వెరుకేరియా పేరునందలి పులిపిరి యదియే.