పాత సామానుకు కొత్త రంగు

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే మన పల్లెల్లో ఇళ్లకు సున్నం, తలుపులకు, కిటికీలకు రంగు వేయించడం మొదలవుతుంది. డబ్బా అడుగున కాస్త రంగు మిగిలితే గృహిణుల చూపు వెంటనే మూలన పడి ఉన్న పాత స్టూలు మీదికో, అటక మీది ట్రంకు పెట్టె మీదికో పోతుంది. మంచిదే. కొత్తగా టేకు సామాను చేయించుకోగల కుటుంబాలు ఎన్ని? ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో పాత సామాన్ల అంగడిలో దొరికే కుర్చీ, చూపుకు దరిద్రంగా ఉన్నా, లోపలి కర్ర గట్టిగా ఉంటే ఇంకో తరం కూర్చోవచ్చు.

కొనేముందు కుర్చీని తలకిందులు చేసి చూడండి. కాళ్ల అడుగున, అతుకుల దగ్గర సన్నని రంధ్రాలుండి, తట్టినప్పుడు పిండి రాలితే దానిని పురుగు తొలుస్తోందన్నమాట. అంగడివాడు ఎంత తగ్గించినా వద్దనండి. అది ఇంట్లోని దూలాలకు కూడా పాకవచ్చు. అతుకులు కదిలితే భయం లేదు, వడ్లాయన ఒక పూటలో బిగించి ఇస్తాడు.

వేముల వారికి రంగులతో ఒక చుట్టరికం ఉంది. ఈ మండలపు కొండల్లో రాతి మధ్య సిరలుగా దొరికే ముగ్గురాయిని, అంటే బెరైటీస్‌ను, చాలా ఏళ్లుగా తవ్వారు. మంగంపేట గనుల పేరు దేశమంతటికీ తెలుసు గాని, వేముల పేరు బయటివారికి అంతగా తెలియదు. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికంటే బాగా బరువు; నీటికి నాలుగున్నర రెట్లు. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. తెల్లని మేలురకం పిండి మాత్రం రంగుల తయారీలో కలుస్తుంది, పూతకు ఒంటినిండా మందం ఇస్తుంది. ఇది నీటిలో కరగదు గనుక కడుపులోకి పోయినా ఒంటికి పట్టదు. కడుపు ఎక్స్‌రేకు ముందు ఆసుపత్రిలో తాగించే తెల్లని మందు కూడా శుద్ధి చేసిన ఈ పదార్థమే.

రంగులో అసలు ప్రమాదం సీసంతో. వెనుకటి నూనె రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసపు లవణాలు ధారాళంగా వాడేవారు. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో దీనిని 1978లోనే నిషేధించారు. మన కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. 2017 నవంబరు 1 నుండి ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు, ఆ మాట డబ్బా మీద రాసి ఉండాలి. అంతకుముందు రంగు వేసిన కుర్చీలో, మంచంలో, తొట్టెలలో ఏముందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ఆ సీసం మీద కొత్త పూత వేసినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. రంగు పెచ్చులు తియ్యగా ఉంటాయి గనుక పాకే పిల్లలు నోట పెట్టుకుంటారు. సీసం పసిమెదడును దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. చదువులో వెనుకబడిన బిడ్డను చూసి తల్లి కర్మ అనుకుంటుందే గాని, తొట్టెల మీద అనుమానం రాదు.

కాబట్టి ఏ సంవత్సరపుదో తెలియని రంగును పొడిగా రుద్దవద్దు. దుమ్మే అన్నిటికంటే చెడ్డది. మంట పెట్టి కాల్చి గీకడం ఇంకా హాని, ఆ పొగలో సీసం ఉంటుంది. నీళ్లలో ముంచి వాడే నల్లని గరుకు కాగితం అడగండి. ముక్కుకు, నోటికి గుడ్డ సరిపోదు, మందుల షాపులో దొరికే మంచి మాస్కు కట్టుకోండి. ఆ పని ఆరుబయట చేయండి, పిల్లలను, గర్భిణులను దగ్గరికి రానివ్వకండి. అడుగున పాత ప్లాస్టిక్ పట్ట పరిచి, రాలిన పెచ్చులన్నీ దానిలోనే మూటకట్టండి. వాటిని పశువుల పాకలోనో, బావి గట్టునో పారేయవద్దు. రంగు పెచ్చులు నాకి పశువులు చచ్చిపోవడం పశువైద్యులకు తెలిసిన విషయమే. పసిపిల్లల తొట్టెల విషయంలో మాత్రం నా మాట కాస్త కఠినం: పాత రంగున్నదాన్ని తీసుకోనే వద్దు.

రంగు లేని, పాలిష్ పట్టిన సామాను సులువు. కనిపించనిచోట స్పిరిట్ గుడ్డతో రుద్దితే జిగటగా ఊడి వస్తే అది లక్క పాలిష్. బట్టల సోడా నీళ్లతో మైనం, జిడ్డు కడిగి, ఒకరోజు నీడలో ఆరబెట్టండి. తరువాత 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 120, 220కి దిగండి. ఎప్పుడూ కర్ర పొడవు వెంటే రుద్దాలి. గుంటలకు అంగడిలోని పుట్టీ వాడవచ్చు. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కు చిన్న కన్నాలకు బాగానే పనికొస్తుంది, ఖర్చు ఏమీ లేదు. అయితే తడి తగిలేచోట నిలవదు.

ట్రంకు పెట్టెకైతే తుప్పు మొత్తం గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత వేయకుండా పైరంగు వేస్తే ఏడాదికే మళ్లీ పొంగుతుంది.

ఇక పూత. పావు లీటరు ఎనామెల్ ఒక కుర్చీకి చాలు. రెండు పల్చని పూతలు వేయండి, ఒకే మందపు పూత వేస్తే కారిపోతుంది. మన కడప ఎండలో మధ్యాహ్నం వేస్తే పైన తోలు కట్టి, లోపల తడి ఉండి ముడతలు పడుతుంది. తెల్లవారుజామున వేసి నీడలో ఉంచండి. నవంబరు వానల్లో గాలి తేమగా ఉంటే మొదటి పూతకు రెండోదానికి ఒకరోజు కాదు, రెండు రోజులు ఆగండి. క్రిస్మస్‌కు అందాలంటే నెలకు ముందే మొదలుపెట్టాలి. వేలికి ఆరినట్టు తగిలినా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. అంతలోపు బరువులు పెడితే, కడప బండ మీద నిలబెట్టిన కాళ్లు అక్కడే అంటుకుపోతాయి. కాళ్ల కింద నాలుగు చిన్న మేకులు గుచ్చి నిలబెడితే అంటవు.

అవిసె నూనె వాడినవారికి ఒక హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన వేయవద్దు. ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు. తీగ మీద విడివిడిగా ఆరవేయండి.