పేరణి: లక్షణము, లక్ష్యము

గ్రంథస్థమైన నృత్తము మరల దేహమున కెక్కుట యెట్లు? గణపతిదేవుని గజసాహిణి జాయప 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళియందు పేరణి లక్షణము కలదు. ప్రయోగపరంపర మాత్రము తెగిపోయినది. నటరాజ రామకృష్ణ (1923-2011) నర్తకుఁడయ్యు శాస్త్రపాఠకుఁడై, శిల్పపరిశీలకుఁడై, యా లక్షణమును 1213 నాఁటి రామప్పగుడి శిల్పములతో సరిపోల్చి పేరిణి శివతాండవమును కూర్చెను.

శిల్పము భంగిమను చూపును గాని యొక భంగిమనుండి వేఱొకదానికి సాగు గతిని చూపదు. శ్లోకము గతిని చెప్పును గాని పాదము మోపు బరువును తెలుపదు. ఆ నడిమి వెలితిని నర్తకుని దేహమే పూరింపవలసెను. కాఁబట్టి నేఁటి పేరిణి కేవలము ప్రాచీనరూపమే యనుట సాహసము. వట్టి కల్పన మనుట యన్యాయము.

ఆంధ్రనాట్యవిషయమున స్థితి వేఱు. 1947 నాఁటి మద్రాసు చట్టము ఆలయనృత్యమును నిషేధించినను వృద్ధకళావంతులు విద్యను మఱవలేదు. అందు ఆతఁడు శిష్యుఁడై నేర్చుకొనెను. లక్ష్యము జీవించియున్నచో ఊహ కంత పని యుండదు.